ఎలుక మీద కోపం – ఇంటికి నిప్పు : ఇంటర్‌నెట్ వడపోత, అభిమాన సమూహాలు

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికలో సాధారణంగా చదువు, ఉద్యోగాలు, పోటీ పరీక్షలు, మహనీయుల జీవితాలపై వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము ఎంచుకున్న విషయం కొంచెం వేరు. సినిమా హీరోలకో, క్రికెటర్లకో, పాటలకో, ఆటలకో అభిమానులైనవారు ఇంటర్‌నెట్‌లో సమూహాలు కట్టుకుంటారు. ప్రభుత్వ వడపోత వల్ల ఆ సమూహాలకు ఏమవుతుందన్నదే ఈ వ్యాసం.

"అభిమానుల గొడవ చదువుకునే పిల్లలకెందుకు?" అని పెద్దలు అడగవచ్చు. అవసరమేనని మా నమ్మకం. మన పూర్వ విద్యార్థుల గ్రూపుకైనా, డీఎస్సీకి కలిసి చదువుకునేవారి గ్రూపుకైనా వర్తించేది ఇదే చట్టం, ఇదే యంత్రం. అభిమానులకు ఇప్పటికే జరిగినది చూస్తే మనకు జరగగలిగేది ముందే తెలుస్తుంది.

వడపోత అనగానేమి?

టీ వడగట్టేటప్పుడు పిప్పిని ఆపి టీని వదులుతాం. అలాగే కొన్ని సైట్లను, పేజీలను, యాప్‌లను ఆపి మిగతావాటిని వదలడమే ఇంటర్‌నెట్ వడపోత. మొత్తం నెట్‌నే ఆపేస్తే దాన్ని నిలిపివేత అంటారు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై అల్లర్లు జరిగినప్పుడు కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్‌నెట్ ఆపారు. అది నిలిపివేత. రెండూ వేర్వేరు. మన విషయం వడపోత.

ఆదేశం ప్రభుత్వం నుంచో కోర్టు నుంచో వస్తుంది. దాన్ని అమలు చేసేది మాత్రం మనకు నెట్ ఇచ్చే కంపెనీ. అది ప్రధానంగా మూడు విధాలుగా చేస్తుంది.

మొదటిది, పేరు దగ్గర ఆపడం. మనం ఒక సైటు పేరు కొడితే, దాని అంకెల చిరునామా చెప్పే పుస్తకం వంటి ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ పుస్తకంలో తప్పు చిరునామా చెప్పినా, ఏమీ చెప్పకపోయినా సైటు తెరుచుకోదు.

రెండవది, చిరునామా దగ్గర ఆపడం. ఒకే చిరునామాలో వందల సైట్లు ఉండవచ్చు. పెద్ద భవనంలో ఒక్క గది వారి కోసం గేటుకు తాళం వేస్తే అందరూ బయటే ఉంటారు కదా, ఇదీ అంతే.

మూడవది, వెళ్లే సమాచారంలో సైటు పేరు చూసి ఆపడం. ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. పూర్వం నెట్‌లో సమాచారం పోస్టుకార్డులా వెళ్లేది. తగిన పరికరం ఉంటే ఏ పేజీ చూస్తున్నామో మధ్యలో వారికి కనిపించేది. ఇప్పుడు ఎక్కువ భాగం సీలు వేసిన కవరులా వెళుతోంది. కవరు మీద ఇంటి పేరు కనిపిస్తుంది గానీ, లోపల ఏ గదికో కనిపించదు. కనుక నెట్ ఇచ్చే కంపెనీకి ఒక్క పేజీని మాత్రమే ఆపడం దాదాపు అసాధ్యం. ఆపితే సైటంతా ఆపాలి, లేకపోతే ఆ సైటు యజమానే ఆ పేజీని తీసేయాలి.

"ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు" అని మన పెద్దలు అనేది ఇలాంటి పని గురించే.

నాటి అభిమాన సంఘం – నేటి అభిమాన సమూహం

అభిమానం అంటే ఏమిటో మన ప్రాంతానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. నందమూరి తారక రామారావు గారు 1985, 1989, 1994 ఎన్నికల్లో మన పక్కనున్న హిందూపురం నుంచి శాసనసభకు గెలిచారు. 1996 ఉప ఎన్నికలో హరికృష్ణ గారు, 2014, 2019, 2024లలో బాలకృష్ణ గారు అక్కడి నుంచే గెలిచారు. తెర మీది అభిమానం ఓటు పెట్టె దాకా నడిచిన నేల ఇది.

పాత రోజుల్లో అభిమాన సంఘానికి కావలసినవి ఒక రిజిస్టరు, ఒక టీ అంగడి, ఒక థియేటరు గేటు. సభ్యుల పేర్లు, ఊర్లు రిజిస్టరులో ఉండేవి. కటౌట్లకు చందాలు వసూలు చేసినవారే వరదలొస్తే బియ్యం వసూలు చేశారు. 1998లో చిరంజీవి గారు హైదరాబాదులో రక్తనిధి స్థాపించినప్పటి నుంచి, అభిమాన సంఘం అంటే రక్తదానం కూడా అన్న పేరు వచ్చింది. థియేటరు మూతపడినా సంఘం పోయేది కాదు. ఎవరు ఎక్కడున్నారో ఒకరికొకరికి తెలుసు. రిజిస్టరు వారి చేతిలోనే ఉండేది.

నేటి సమూహం ఫోనులో ఉంది. దీని మేలు తక్కువది కాదు. వీధిలో ఫ్లెక్సీ కట్టేటప్పుడు ఎవరి ఫోటో పెద్దగా ఉండాలి, ఎవరి పేరు పైన ఉండాలి అన్న తగవులో డబ్బు, కులం, పలుకుబడి అన్నీ వస్తాయి. పేదింటి కుర్రవాడు జెండా మోస్తాడు గానీ, ఫ్లెక్సీలో కనిపించడు. నెట్‌లో మంచి ఎడిటింగ్ చేసినవాడికి, మంచి మాట రాసినవాడికి పేరు వస్తుంది. ధర్మవరంలో మగ్గం ఇంట్లో పుట్టిన అమ్మాయి మొదటి ఆటకు థియేటరు ముందు నిలబడి కేకలు వేయలేదు. కానీ సమూహంలో తనకు నచ్చిన నటి గురించి పది పేరాలు రాయగలదు. తెలుగు టైపింగ్, వీడియో కూర్పు, పోస్టరు తయారీ ఇలాంటి చోట్ల నేర్చుకుని, తరువాత వాటితోనే బతుకుతున్నవారు ఉన్నారు.

లోపం ఒక్కటే. రిజిస్టరు మన చేతిలో లేదు. సభ్యుల జాబితా, పదేళ్ల ఫోటోలు, రాసిన మాటలు అన్నీ ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రంలో ఉంటాయి. అందువల్ల వడపోత పడితే చోటు మాత్రమే పోదు, చోటుతో పాటు మనుషులూ చెదిరిపోతారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

మన దేశంలో జరిగినవి

1) 2003, యాహూ గ్రూపులు : ఆ రోజుల్లో సినిమా అభిమానులు, సాహిత్యాభిమానులు యాహూ గ్రూపుల్లో కలుసుకునేవారు. తెలుగు సాహిత్యం చర్చించుకునే 'రచ్చబండ' కూడా యాహూ గ్రూపే. 2003 సెప్టెంబరులో, మేఘాలయకు చెందిన ఒక నిషేధిత సంస్థకు సంబంధించిన 'కిన్‌హున్' అనే చిన్న గ్రూపును ఆపమని కేంద్రం ఆదేశించింది. ఒక్క గ్రూపును విడిగా ఆపే ఏర్పాటు లేక, నెట్ కంపెనీలు యాహూ గ్రూపులన్నిటినీ ఆపేశాయి. ఎవరి గ్రూపులో ఏముందో చూసినవారు లేరు. వంటల గ్రూపు, పాటల గ్రూపు, చదువుల గ్రూపు అన్నీ ఒకే దెబ్బకు మూగబోయాయి.

2) 2006, బ్లాగులు : 2006 జూలై 11న ముంబయి రైళ్లలో పేలుళ్లు జరిగాయి. రెండు రోజుల తరువాత టెలికం శాఖ కొన్ని పేజీల జాబితా ఇచ్చి ఆపమంది. జాబితాలో ఉన్నవి 20లోపే. కానీ బ్లాగ్‌స్పాట్, టైప్‌ప్యాడ్, జియోసిటీస్ సైట్లు చాలా చోట్ల పూర్తిగా ఆగిపోయాయి. జియోసిటీస్ అంటే అప్పట్లో అభిమానులు సొంతంగా పేజీలు కట్టుకునే చోటు. గగ్గోలు రేగాక, చెప్పిన పేజీలనే ఆపాలని ప్రభుత్వం కంపెనీలకు స్పష్టం చేసింది.

3) 2012, 'దమ్ము' : ఇది నేరుగా మన తెలుగువారి కథ. జూనియర్ ఎన్.టి.ఆర్. నటించగా బోయపాటి శ్రీను దర్శకత్వం వహించిన 'దమ్ము' 2012 ఏప్రిల్ 27న విడుదలైంది. దొంగ కాపీలు నెట్‌లోకి రాకుండా ముందుగానే మద్రాసు హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చారు. '3' అనే తమిళ చిత్రానికీ అలాగే తెచ్చారు. ప్రతివాదుల పేర్లు తెలియకపోయినా ఇచ్చే ఉత్తర్వు అది. దాన్ని చూపగా మే నెలలో కొన్ని నెట్ కంపెనీలు విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్ వంటి సైట్లను మొత్తంగా ఆపేశాయి. విమియోలో కుర్రవాళ్లు తీసిన పొట్టి సినిమాలు ఉండేవి. డైలీమోషన్‌లో పాత పాటల ముక్కలు ఉండేవి. హీరో సినిమాను కాపాడటానికి తెచ్చిన ఉత్తర్వు ఆ హీరో అభిమానుల చోటుకే తాళం వేసింది. 2012 జూన్‌లో హైకోర్టు స్పష్టత ఇచ్చింది. దొంగ కాపీ ఉన్న నిర్దిష్ట లింకునే ఆపాలి గానీ, సైటంతా కాదని చెప్పింది.

ఇక్కడ ఆదేశించినది కోర్టు, ప్రభుత్వం కాదు. అయినా తాళం వేసే చేయి ఒకటే, జరిగే నష్టమూ ఒకటే. ఆ పాఠం తరువాత కూడా పూర్తిగా ఒంటబట్టలేదు. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం వచ్చిన ఉత్తర్వుల్లో 2,600కు పైగా సైట్ల జాబితా ఉంటే, అందులో పాత పుస్తకాలను, పాత వెబ్ పేజీలను భద్రపరిచే 'ఇంటర్‌నెట్ ఆర్కైవ్' కూడా చేరిపోయింది.

4) 2020, టిక్‌టాక్ : 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు 20 మంది వీరమరణం పొందారు. జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. మన దేశంలో టిక్‌టాక్ వాడేవారు అప్పటికి సుమారు 20 కోట్ల మంది అని అంచనా. ఒకటి రెండు రోజుల్లోనే అంతా ఆగిపోయింది. అంతకు కొన్ని వారాల ముందే ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ 'బుట్టబొమ్మ' పాటకు వేసిన చిందుకు తెలుగువారంతా మురిసిపోయారు. వార్నర్‌కు ఇబ్బంది లేదు, ఆయన వేరే యాప్‌లోకి వెళితే లక్షలమంది వెంట వెళ్లారు. పల్లెలో కూలి పని చేసుకుంటూ పాటలకు నటించి పదివేల మందిని సంపాదించుకున్న మనిషి సంగతి వేరు. ఆమెను చూసినవారి పేర్లు ఆమెకు తెలియవు, వారికి ఆమె ఫోన్ నంబరు తెలియదు. యాప్ పోవడంతోనే తెగిన దారం మళ్లీ ముడిపడలేదు. అదే ఏడాది సెప్టెంబరు 2న పబ్జీతో సహా మరో 118 యాప్‌లు నిషేధానికి గురైనప్పుడు ఆట జట్లకూ ఇదే జరిగింది.

దేశ భద్రత విషయంలో ప్రభుత్వ నిర్ణయం సరా కాదా అన్న చర్చ వేరు. మేము చూడమంటున్నది మరొకటి. నష్టం అందరికీ ఒకే విధంగా జరగలేదు. పేరున్నవాడు ఇల్లు మారాడు, పేరు లేనివాడు ఇల్లు పోగొట్టుకున్నాడు.

చైనా నుంచి ఒక హెచ్చరిక

వడపోత ఎప్పుడూ పైనుంచే రాదు. అభిమానులే పిలిచి తెచ్చుకున్న సందర్భం ఒకటి ఉంది. అభిమానులు తమకు నచ్చిన పాత్రలతో సొంత కథలు రాసి దాచుకునే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే పెద్ద సైటు ఉంది. 2019లో దానికి సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. 2020 ఫిబ్రవరిలో, షావ్ జాన్ అనే చైనా నటుని మీద అందులో రాసిన ఒక కథ అతని అభిమానుల్లో కొందరికి నచ్చలేదు. అందరూ కలిసి అధికారులకు ఫిర్యాదులు పెట్టారు. ఫిబ్రవరి 29 నాటికి చైనాలో ఆ సైటు మొత్తం మూతపడింది. ఆ కథతో సంబంధం లేని లక్షల కథలూ అందకుండా పోయాయి. కోపం వచ్చిన ఇతర పాఠకులు ఆ నటుడు ప్రచారం చేసే వస్తువులను బహిష్కరించారు. చివరికి తమ హీరోకే చేటు తెచ్చారు.

మన హీరోల అభిమానుల మధ్య జరిగే 'రిపోర్ట్ కొట్టే' యుద్ధాలు తలచుకుంటే ఇది దూరదేశపు కథ అనిపించదు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో వడపోతకు మూలం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 69ఎ సెక్షను. 2008 సవరణతో వచ్చి 2009 అక్టోబరు 27 నుంచి అమలైంది. విద్యార్థులు గుర్తుంచుకోవలసిన అంశాలు ఇవి.

అ) కారణాలు : దేశ సార్వభౌమాధికారం, సమగ్రత, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపణను అరికట్టడం. ఇవి తప్ప వేరే కారణంతో ఈ సెక్షను కింద ఆపరాదు.

ఆ) పద్ధతి : మామూలుగా ఒక కమిటీ పరిశీలించాలి. సంబంధిత వ్యక్తికో, సైటుకో నోటీసు ఇచ్చి, జవాబుకు కనీసం 48 గంటల వ్యవధి ఇవ్వాలి. అత్యవసరమైతే ముందు ఆపి, 48 గంటల్లోగా కమిటీ ముందు పెట్టాలి. రెండు నెలలకు ఒకసారైనా సమీక్ష సంఘం సమావేశం కావాలి.

ఇ) శిక్ష : ఆదేశం పాటించని కంపెనీ బాధ్యులకు ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. ఎక్కువ ఆపితే శిక్ష లేదు, తక్కువ ఆపితే జైలు. అటువంటప్పుడు కంపెనీ ఏ వైపు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ) గోప్యత : 2009 నిబంధనల్లో 16వది ఫిర్యాదులను, వాటిపై చర్యలను రహస్యంగా ఉంచమంటుంది. దీన్ని చూపి సమాచార హక్కు దరఖాస్తులను తిరస్కరించిన సందర్భాలు ఉన్నాయి.

శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఎ సెక్షనును కొట్టివేసింది, 69ఎ సెక్షనును నిలబెట్టింది. కానీ ఎందుకు నిలబెట్టిందో గమనించాలి. కారణాలు లిఖితపూర్వకంగా రాయాలి, వినిపించుకునే అవకాశం ఉంది, ఆ ఉత్తర్వును హైకోర్టులో 226వ అధికరణం కింద సవాలు చేయవచ్చు అన్న రక్షణలు ఉన్నాయి కాబట్టి. కారణమే తెలియనివ్వకపోతే, వినిపించుకోకపోతే ఆ రక్షణలు కాగితం మీదే మిగులుతాయి.

అయితే వడపోత వద్దా?

వద్దని మేము అనడం లేదు. పసిపిల్లల మీద అకృత్యాల దృశ్యాలను, కులాల మధ్య చిచ్చు పెట్టే అబద్ధాలను ఆపవలసిందే. దొంగ కాపీ వల్ల నష్టపోయేది హీరో ఒక్కడే కాదు, లైట్లు మోసే కార్మికుడు కూడా. మేము కోరేది మూడే. ఆపవలసినదాన్నే ఆపాలి. ఎందుకు ఆపారో, ఎవరు ఆపమన్నారో ఆ పేజీలో రాయాలి. తమ రాతలు, ఫోటోలు దింపుకోవడానికి మామూలు సభ్యులకు కొంత గడువు ఇవ్వాలి. పాత ఇల్లు కూల్చేటప్పుడు కూడా సామాన్లు తీసుకోనిస్తారు కదా!

మనం చేయగలిగినవి

1. రిజిస్టరు రాయండి. మన పూర్వ విద్యార్థుల గ్రూపులో ఉన్నవారి పేరు, ఊరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, వారి అనుమతితో, ఒక పుస్తకంలో రాసి జాగ్రత్తగా ఉంచాలి. ఏ యాప్ పోయినా ఆ పుస్తకం పోదు.

2. నకలు ఉంచండి. మీరు రాసిన కథ, కూర్చిన వీడియో ఒక్క చోటే ఉంచకండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే చోట ఒకటి ఉండాలి. ప్రభుత్వం ఆపకపోయినా కంపెనీ మూసేయవచ్చు. జియోసిటీస్ 2009లో, యాహూ గ్రూపులు 2020లో అలాగే మూతపడ్డాయి.

3. హీరోల తగవులో 'రిపోర్ట్' ఆయుధం వాడకండి. నిజమైన బెదిరింపు, అశ్లీలం, కుల దూషణ ఉంటే తప్పక ఫిర్యాదు చేయండి. నచ్చని మాటకు జవాబు మాటతోనే చెప్పండి.

4. దొంగ కాపీ లింకులు పంపకండి. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం థియేటరులో సినిమాను దొంగచాటుగా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, మూడు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. పైగా ఆ లింకే సమూహమంతా మూతపడటానికి కారణం కావచ్చు.

5. అడగండి. మీ పేజీని ఆపితే ముందు కంపెనీకి రాసి కారణం అడగండి. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తిరస్కరించినా ఆ కాగితం రేపు కోర్టులో పనికొస్తుంది. 1987 న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. సహాయ ఫోన్ నంబరు 15100. లాయరు ఫీజు లేదని ఊరుకోవలసిన పని లేదు.

ముగింపు

మన తాతలకు రచ్చకట్ట మీద కూర్చునే హక్కు కూడా చాలా ఊళ్లలో లేదు. మనకు దొరికిన కొత్త రచ్చకట్ట ఈ ఇంటర్‌నెట్. ఇక్కడ పాట గురించి మాట్లాడుకున్నా, పరీక్ష గురించి మాట్లాడుకున్నా, కలిసి కూర్చోవడమే గొప్ప. ఆ కట్ట మీద ఎవరైనా నిప్పు పెడితే ఆర్పమని అడుగుదాం, నిప్పు పేరుతో కట్టనే కూల్చితే ఎందుకని అడుగుదాం. రెండూ పౌరుల పనే.

చర్చకు ప్రశ్నలు (వసతి గృహంలో ఆదివారం సాయంత్రం చర్చించుకోవడానికి)

1. 2003, 2006, 2012 సంఘటనల్లో ఉమ్మడిగా ఉన్న లోపం ఏమిటి?
2. ఒక్క పేజీని ఆపడం నెట్ కంపెనీకి ఎందుకు కష్టం? పోస్టుకార్డు, కవరు ఉదాహరణతో వివరించండి.
3. 69ఎ సెక్షనులోని గోప్యత అవసరమని ఒక జట్టు, అనవసరమని ఒక జట్టు వాదించండి.
4. రేపు ఉదయం మీ ఫోనులో గ్రూపులన్నీ పోతే, ఎంతమంది స్నేహితులను మీరు తిరిగి కలుసుకోగలరు? పేర్లు రాసి లెక్కపెట్టండి.

– పూర్వ విద్యార్థి, పి.జి., గోరంట్ల